అంగ్‌కోర్ గుళ్లకు ఏ బండి మాట్లాడుకోవాలి? విశాఖ నుంచి వెళ్లేవాళ్ల కోసం ఒక పోలిక

సింహాచలం వెళ్లేటప్పుడు బండి గురించి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు. కొండ కింద బస్సు దిగుతాం, దేవస్థానం బస్సులోనో మెట్ల మీదుగానో పైకి వెళ్తాం, చెప్పులు ఎక్కడ విడిచామో అక్కడే మళ్లీ తొడుక్కుంటాం. కంబోడియాలోని అంగ్‌కోర్‌లో ఈ లెక్క నడవదు. యూనెస్కో మాటల్లో చెప్పాలంటే దాదాపు 400 చదరపు కిలోమీటర్ల మేర అడవి, దాని నిండా విసిరేసినట్టు గుళ్లు. కొన్నింటికి లోపలికెళ్లే గేటు ఒకటి, బయటికొచ్చే గేటు కిలోమీటరు అవతల ఇంకొకటి. బండి మాట్లాడేటప్పుడు అందరూ ముందు అద్దె అడుగుతారు. అడగాల్సిన సంగతి వేరే ఉంది: గుడి చూసుకుని అవతలి గేటులో తేలాక బండి మన దగ్గరికి వస్తుందా, మనమే బండి కోసం వెనక్కి నడవాలా?

అద్దె రెండో సంగతి ఎందుకంటే, గుళ్లలోకి వెళ్లడానికి కొనే పాసు ధర ముందు అది చిన్నది. ఒక రోజు పాసు 37 డాలర్లు, మూడు రోజులది 62, ఏడు రోజులది 72. మూడు రోజుల పాసు వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా సరే. ఏడు రోజులదానికి నెల గడువు. 12 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు, పాస్‌పోర్టు మాత్రం చూపాలి. మనిషికి ఇంత పెట్టి లోపలికి వెళ్తూ, బండి దగ్గర మూడు డాలర్లు మిగిల్చి మధ్యాహ్నానికి కాళ్లు పీకి గదికి తిరిగొచ్చేస్తే పాసులో సగం వృథా.

దూరాలు మన ఊరి లెక్కలో

గుళ్లకు దగ్గర ఊరు సియెమ్ రీప్. అక్కడి నుంచి అంగ్‌కోర్ వాట్ సుమారు 6 కి.మీ. ఆ తర్వాత అందరూ చెప్పుకునేవి రెండు చుట్లు. చిన్న చుట్టు 17 కి.మీ., ఇంచుమించు జగదాంబ నుంచి సింహాచలం కొండ కింద దాకా. అంగ్‌కోర్ వాట్, బాయన్, తా కేవ్, తా ప్రోమ్, బాంటియే క్దే ఇందులో వస్తాయి. పెద్ద చుట్టు 26 కి.మీ., ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి వెళ్లినంత. ప్రే ఖాన్, నీక్ పీన్, తా సోమ్, తూర్పు మెబోన్, ప్రే రూప్ దీని మీద ఉంటాయి. ఊరి నుంచి వెళ్లి రావడం కూడా కలుపుకుంటే చిన్నది 29, పెద్దది 38 కి.మీ. దాకా తేలుతుంది. సైకిలు అద్దెకు తీసుకునేవాళ్లు మర్చిపోయేది ఈ 12 కిలోమీటర్లే.

బాంటియే స్రే వేరే దారి. ఊరి నుంచి 37 కి.మీ., అంటే మనకు అనకాపల్లి. బెంగ్ మీలియా విజయనగరం కంటే కొంచెం ఎక్కువ. కో కెర్ 120 కి.మీ. దాకా ఉంటుంది, అరకు అనుకోండి.

టికెట్లిచ్చే చోటు గుడి గేటు దగ్గర లేదు. ఊరి నుంచి సుమారు 4 కి.మీ. దూరంలో, అంగ్‌కోర్ వాట్‌కి నేరుగా వెళ్లే దారిలో కాకుండా పక్కన ఉంటుంది. డ్రైవరుంటే అతనే అటు తిప్పుతాడు. సొంతంగా తొక్కుకుంటూ వెళ్లేవాళ్లు మాత్రం గేటు దాకా వెళ్లి, పాసు లేదని వెనక్కి తిరగాల్సి వస్తుంది. వాళ్లు ఆన్‌లైన్లోనో ముందురోజు సాయంత్రమో కొనేసుకోవాలి. సాయంత్రం 5 తర్వాత కొన్న పాసుతో ఆ రోజు సూర్యాస్తమయం చూడొచ్చు, పాసు రోజు మాత్రం మర్నాటి నుంచే లెక్క.

టుక్‌టుక్: రెండు రకాలు, రెంటికీ తేడా ఉంది

అక్కడ టుక్‌టుక్ అంటే రెండు వేరు వేరు బండ్లు. మొదటిది రెమోర్క్. మామూలు మోటార్ సైకిలు వెనక రెండు చక్రాల బండి తగిలించి లాగుతారు. పైన కప్పు, పక్కలు తెరుచుకుని, ఇద్దరు ముందుకి ఇద్దరు వెనక్కి ఎదురెదురుగా కూర్చుంటారు. రెండోది మనకు కొత్తేం కాదు, మన రోడ్ల మీద తిరిగే మూడు చక్రాల ఆటోనే. అంత దూరం వెళ్లి కూడా బజాజ్ ఆటో ఎక్కాలా అని నవ్వుకుంటారు గానీ, ఊళ్లో తిరగడానికి అదే చవక. పాస్‌యాప్, గ్రాబ్ యాపుల్లో దొరుకుతుంది, బేరం ఉండదు.

గుళ్ల చుట్టుకైతే రెమోర్క్ మేలు. ఆటోలో ఇద్దరికి సుఖం, ముగ్గురైతే మోకాళ్లు తగులుతాయి, పక్కనున్న అడవి సరిగ్గా కనపడదు. రెమోర్క్‌లో మెట్టు కిందికి ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా ఎక్కగలరు. ఎదురు సీట్లో సంచులు, నీళ్ల సీసాలు వదిలి లోపలికి వెళ్లొచ్చు. పాస్‌పోర్టు, డబ్బు మాత్రం మీ దగ్గరే ఉండాలి. వాన వస్తే డ్రైవరు పక్క పరదాలు దించుతాడు. లోపం వేగం. చిన్న మోటార్ సైకిలు నలుగురు పెద్దవాళ్లను లాగుతుంటే పరుగు ఉండదు. 17 కిలోమీటర్లకు అది తెలియదు, బాంటియే స్రే లాంటి 37 కిలోమీటర్లకు నడుం చెప్తుంది.

ధరలు సీజన్ని బట్టి, బేరాన్ని బట్టి మారతాయి. చిన్న చుట్టుకి 15 నుంచి 20 డాలర్లు, పెద్ద చుట్టుకి 20 నుంచి 25, బాంటియే స్రే కలిపితే 25 నుంచి 35 అనుకుని బయల్దేరండి. సూర్యోదయానికి తీసుకెళ్లాలంటే పైన మూడో అయిదో అడుగుతారు. ఇది బండి మొత్తానికి, మనిషికి కాదు. నలుగురికి 20 డాలర్లంటే తలా అయిదు. అదే నలుగురూ సైకిళ్లు తీసుకుంటే తలా రెండు మూడు డాలర్లు. తేడా అంతే.

మళ్లీ గేట్ల సంగతికి వస్తే, రెమోర్క్ గెలిచేది ఇక్కడే. తా ప్రోమ్ బయటి ప్రాకారం సుమారు వెయ్యి మీటర్ల పొడవు, 650 మీటర్ల వెడల్పు. పడమటి గేటులో దిగి, చెట్ల వేళ్లు గోడల్ని పట్టేసుకున్న మండపాలు చూసుకుంటూ తూర్పు గేటులో తేలొచ్చు. (అక్కడి పునరుద్ధరణ పనిలో మన భారత పురావస్తు శాఖ చెయ్యి ఉంది, బోర్డులు చూస్తే తెలుస్తుంది.) ప్రే ఖాన్ కూడా అంతే, 800 మీటర్లకు 700. ఇలాంటిచోట డ్రైవరుకి దిగేముందే చెప్పాలి: ఏ గేటు దగ్గర ఉండాలి, ఎన్నింటికి. చెప్పకపోతే అతను దించిన చోటే నిద్రపోతుంటాడు, మీరు అవతలి గేటులో నిలబడి అన్ని బండ్లలోకీ తొంగి చూస్తుంటారు. బండ్లన్నీ ఒకేలా ఉంటాయి. పొద్దున్నే బండి వెనక భాగం, డ్రైవరు ముఖం ఒక ఫోటో తీసిపెట్టుకోండి. వాట్సాప్ నంబరు కూడా తీసుకోండి, అడవిలో సిగ్నల్ ఒక్కోచోట బలహీనం కాబట్టి ఫోటో, టైమూ రెండూ ఉండాలి.

అంగ్‌కోర్ వాట్‌కి ఇదే పద్ధతి ఇంకా బాగా పనికొస్తుంది. కందకం బయటి అంచుల నుంచి కొలిస్తే తూర్పు పడమరలుగా 1.5 కి.మీ. అందులో కందకమే 190 మీటర్ల వెడల్పు. గుడి పడమటి ముఖం, మన సింహాద్రి అప్పన్న గుడిలాగే. అందుకే తెల్లవారే సూర్యుడు శిఖరాల వెనక నుంచి వస్తాడు, జనమంతా పడమటి వైపు కొలను ఒడ్డున చేరతారు. సూర్యోదయం అయ్యాక ముందు మెట్లెక్కి మొదటి ప్రాకార మండపంలో కుడిచేతి వైపు తిరగండి. కురుక్షేత్రం, తర్వాత దక్షిణపు గోడ మీద ఈ గుడి కట్టించిన రాజు సూర్యవర్మ సేనలు, యముడి స్వర్గ నరకాలు, మలుపు తిరిగి తూర్పు గోడకు రాగానే 49 మీటర్ల క్షీరసాగర మథనం. శిల్పాల వరస ఇదే. మన ప్రదక్షిణకు ఎదురు దిక్కున సాగుతుంది, తడబడకండి. అక్కడి నుంచి పైగోపురం చూసుకుని తూర్పు గేటులో దిగితే, జనం పల్చగా ఉండే మట్టిబాట, బయట మీ బండి. పడమట బండి పెట్టుకున్నవాళ్లు ఇదే కిలోమీటరున్నర ఎండలో వెనక్కి నడుస్తారు.

డ్రైవరుతో వచ్చే చిక్కులు రెండే. ఒకటి, ఏయే గుళ్లు చూడాలో ముందే అనుకోకపోవడం. దారిలో ప్రే ఖాన్ కూడా చూపించు అంటే అది పెద్ద చుట్టు గుడి, అదనం అడుగుతాడు, అందులో అతని తప్పేం లేదు. కాగితం మీద పేర్లు రాసి చూపించి ధర ఒప్పుకోండి, డబ్బు చివర్లో ఇవ్వండి. రెండు, మధ్యలో దుకాణాల దగ్గర ఆపడం. వద్దనుకుంటే పొద్దున్నే నవ్వుతూ చెప్పేస్తే సరిపోతుంది. ఇంగ్లీషు బాగా మాట్లాడే డ్రైవరు దొరికినా అతను లోపలికొచ్చి గుడి కథ చెప్పడు. అక్కడ గైడుకి లైసెన్సు కావాలి, గైడు కావాలంటే విడిగా మాట్లాడుకోవాలి. ఇచ్చే డాలరు నోట్ల మీద చిన్న చిరుగున్నా తీసుకోరు. విశాఖలో మార్చుకునేటప్పుడే నోట్లు ఒక్కొక్కటీ వెలుతురులో చూసి పుచ్చుకోండి, ఒకటి అయిదు డాలర్ల నోట్లు ఎక్కువ అడగండి.

సైకిలు

నేల బల్లపరుపు. మన ఊళ్లో సిరిపురం ఎక్కినంత ఎత్తు కూడా చుట్టు మీద ఎక్కడా తగలదు. చెట్ల నీడ చాలా దూరం ఉంటుంది. ఇద్దరు కుర్రాళ్లు డిసెంబర్లోనో జనవరిలోనో వెళ్తుంటే సైకిలుకి మించింది లేదు. ఏప్రిల్లో మాత్రం వద్దు. అప్పుడు ఎండ మన మే నెల ఉక్కను గుర్తు చేస్తుంది, పైగా ఏప్రిల్ నడుమ వాళ్ల కొత్త సంవత్సరం, లోపల స్థానికుల బండ్లు కిక్కిరిసి ఉంటాయి.

బుట్ట ఉన్న, గేర్లు లేని ఊరి సైకిలు చిన్న చుట్టుకి చాలు. తీసుకునేముందు బ్రేకులు, టైరు గాలి, సీటు ఎత్తు, తాళం చూడండి. సీటు కిందికి ఉంటే పది కిలోమీటర్లకే మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది. కూర్చుని తొక్కితే కాలు దాదాపు సాగాలి. సూర్యోదయానికి వెళ్లాలంటే లైటు తప్పనిసరి, నాలుగున్నరకు అడవి దారి చీకటి, వెనక నుంచి వ్యాన్లు వస్తుంటాయి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు.

సైకిలుకి గేట్ల బాధ అన్నిచోట్లా లేదు. తా కేవ్, ప్రే రూప్, తూర్పు మెబోన్ కొండలా పైకి కట్టిన గుళ్లు, ఎక్కినవాళ్లు అక్కడికే దిగుతారు. నీక్ పీన్ నీళ్ల మీది చెక్కవంతెన దారి, వెళ్లిన దారే రావడం. తా సోమ్‌లో తూర్పు ద్వారం మీద అల్లుకున్న రావివేళ్లు చూసి వెనక్కే వస్తారు. కాబట్టి నడక రెట్టింపయ్యేది అంగ్‌కోర్ వాట్, తా ప్రోమ్, ప్రే ఖాన్ దగ్గరే. ఈ మూడింటినీ ఒకే రోజు సైకిలు మీద పెట్టుకోకపోతే చాలు.

సైకిలుకి మాత్రమే దొరికేది ఒకటుంది. అంగ్‌కోర్ థోమ్ (బాయన్ గుడి ఉన్న పాత కోట నగరం) కోటగోడ పక్కకు 3 కి.మీ. చొప్పున నలుచదరం, ఎత్తు 8 మీటర్లు. గోడ మీద ఎర్రమట్టి బాట. దక్షిణ ద్వారం దగ్గర పైకెక్కితే నైరుతి మూల మీదుగా పడమటి ద్వారానికి సరిగ్గా 3 కిలోమీటర్లు, ఒక పక్క కందకం, ఒక పక్క అడవి. సన్న టైర్లు మట్టిలో దిగబడతాయి, దీనికి లావు టైర్ల గేరు సైకిలు అడగండి, అద్దె అయిదు నుంచి పది డాలర్లు. నిక్కరు వేసుకుని తొక్కేవాళ్లు సంచిలో ప్యాంటు పెట్టుకోవాలి. మోకాళ్లు, భుజాలు కప్పుకోకపోతే అంగ్‌కోర్ వాట్ పైగోపురానికి ఎక్కనివ్వరు.

ఈ-బైకు, స్కూటరు

ఈ-బైకు పేరుకి అన్నివిధాలా బాగుంది: చెమట లేదు, చప్పుడు లేదు, అద్దె పది డాలర్ల చుట్టుపక్కల. చిక్కు బ్యాటరీలో. చాలా బండ్లు ఒక చార్జింగుతో 40 కి.మీ. అంటాయి. పెద్ద చుట్టు ఊరితో కలిపి 38 అని పైన చూశాం. ఇద్దరు ఎక్కితే ఆ 40 రానే రాదు. పెద్ద చుట్టుకి తీసుకుంటే మధ్యలో ఎక్కడ చార్జింగు పెట్టనిస్తారో అద్దెకిచ్చేవాళ్లనే మ్యాపు మీద గుర్తు పెట్టమనండి. చిన్న చుట్టుకి ఒక్కరే వెళ్తుంటే దిగుల్లేదు. గేట్ల దగ్గర దీనిదీ సైకిలు బాధే.

పెట్రోలు స్కూటరు మేం చెప్పం. అక్కడ రోడ్డుకి కుడిపక్క నడపాలి. రద్దీలో ఎదుటివాణ్ని చూసి సర్దుకుంటాం. తప్పు జరిగేది తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద మలుపు తిరిగినప్పుడు, చెయ్యి తనంతట తాను ఎడమ అంచుకి పట్టుకుపోతుంది. విశాఖలో పదేళ్లు బండి నడిపిన అలవాటే అక్కడ శత్రువు. అద్దెకిచ్చేవాళ్లు పాస్‌పోర్టు హామీగా పెట్టమంటారు, అది ఇవ్వకూడదు. లైసెన్సు చెల్లకపోతే ప్రయాణ ఇన్సూరెన్సు కూడా చేతులెత్తేస్తుంది.

కారు, వ్యాను

డ్రైవరుతో ఏసీ కారు రోజుకి 35 నుంచి 50 డాలర్లు, పన్నెండు మంది పట్టే వ్యాను 50 నుంచి 60. చిన్న చుట్టుకి నలుగురి కోసం కారు పెట్టుకోవడం డబ్బు దండగ. గుడికీ గుడికీ మధ్య ఏసీ చల్లబడేలోపే దిగాల్సి వస్తుంది. తొమ్మిది పదిమంది చుట్టాలు కలిసి వెళ్తే లెక్క తిరగబడుతుంది. మూడు రెమోర్కులు తలా 20 అంటే 60, వ్యానూ అంతే. మూడు బండ్లు మూడు చోట్ల తప్పిపోయే బాధ ఉండదు. పసిపిల్లలున్నా, ధూళి పడనివాళ్లున్నా కూడా వ్యానే, ఎండాకాలం మట్టి రోడ్ల ధూళి రెమోర్క్‌లో నేరుగా ముఖాన కొడుతుంది.

టూరు కంపెనీ పెద్ద బస్సులో తీసుకెళ్తామంటే ఒక మాట అడగండి: అంగ్‌కోర్ థోమ్ లోపలికి దేంట్లో వెళ్తాం? దక్షిణ ద్వారం ముందు అటు 54 మంది దేవతలు, ఇటు 54 మంది రాక్షసులు వాసుకిని లాగుతున్న వంతెన, దాని చివర నాలుగు ముఖాల గోపురం కింద సందు. కారు, వ్యాను ఒక్కొక్కటిగా దూరతాయి, పెద్ద బస్సు పట్టదు. మరో బండి ఏర్పాటు చేశారా, దాని ఖర్చు ప్యాకేజీలోనే ఉందా అన్నది అక్కడికెళ్లాక తేల్చుకునే సంగతి కాదు.

దూరపు గుళ్లకు మాత్రం కారే. బాంటియే స్రే ఒక్కటికీ రెమోర్క్ సరిపోతుంది, పొద్దున్నే బయల్దేరితే ఎర్రరాతి మీద 967 నాటి నగిషీ ఏటవాలు వెలుతురులో కనపడుతుంది. బెంగ్ మీలియా, కో కెర్ అంటే కారు. కో కెర్‌కి వేరే టికెట్టు. ఫ్నోమ్ కూలెన్ కొండకి అసలు రెమోర్క్ వద్దు, ఘాట్ రోడ్డు మీద చిన్న ఇంజను ఆయాసపడుతుంది. ఆ కొండ దారి ఇరుకు కాబట్టి పొద్దున ఎక్కడానికి, మధ్యాహ్నం దిగడానికి అని విడగొట్టారు. ఆలస్యంగా బయల్దేరితే కింద ఆగిపోవాల్సి రావచ్చు. టికెట్టు 20 డాలర్లు, అంగ్‌కోర్ పాసు చెల్లదు. ఇలాంటి చోట్లకు యాపులో ఒకవైపు బండి వేసుకుని వెళ్లకండి, తిరిగి రావడానికి అక్కడ బండి దొరకదు.

మూడు రోజుల పాసుకి మేం వేసే వరస

మొదటి రోజు రెమోర్క్, చిన్న చుట్టు. అంగ్‌కోర్ వాట్ తెల్లవారి 5కే తెరుస్తారు, మిగతా గుళ్లు చాలావరకు 7:30కి. సూర్యోదయం కాగానే బాయన్‌కి పరిగెత్తడం దండగ, ఆ గంటన్నర అంగ్‌కోర్ వాట్ లోపలే గడపండి. తూర్పు గేటులో బండెక్కి నేరుగా తా ప్రోమ్‌కి వెళ్లండి. మామూలుగా బండ్లు బాయన్ మీదుగా ప్రదక్షిణంగా తిరుగుతాయి, మీరు ఎదురు తిరిగితే తా ప్రోమ్‌లో జనం నిండకముందే దూరతారు. పదకొండుకి ఊళ్లోకి వచ్చేసి భోంచేసి పడుకోండి. అదే పాసుతో ఎన్నిసార్లయినా లోపలికి వెళ్లొచ్చు, డ్రైవరుకి ముందే చెప్తే మూడింటికి మళ్లీ వస్తాడు. బాయన్, బాపువాన్ గుళ్లు, ఏనుగుల అరుగు (ఏనుగులు చెక్కిన పొడవాటి రాతి వేదిక) అప్పుడు. బాయన్ దగ్గర దిగి ఉత్తరానికి నడుచుకుంటూ పోండి, బండిని ఏనుగుల అరుగు ఉత్తరపు కొసకి రమ్మనండి.

రెండో రోజు కారు గానీ రెమోర్క్ గానీ, పొద్దున బాంటియే స్రే, తిరిగొస్తూ ప్రే ఖాన్, సాయంత్రం ప్రే రూప్ మీద సూర్యాస్తమయం. మూడో రోజు కుర్రవాళ్లు సైకిలు తీసుకుని కోటగోడ ఎక్కాలి, పెద్దవాళ్లు అదే సమయంలో రెమోర్క్‌లో నీక్ పీన్, తా సోమ్ చూసి రావచ్చు.

పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో విమానాశ్రయం ఊరి పక్కనే అని ఉంటుంది. అది మూతపడింది. 2023 అక్టోబరు నుంచి కొత్తది వాడుకలో ఉంది, ఊరికి 45 కి.మీ. పైనే, కారులో గంట. పెట్టెలతో అంత దూరం రెమోర్క్‌లో వెళ్లలేం. హోటలు గది తీసుకున్నప్పుడే కారు పంపమని రాసిపెట్టండి, తిరుగు ప్రయాణానికి విమానం వేళకు నాలుగు గంటల ముందు గది వదలండి.